లక్షా మూడు

పోయిన నెల కాగజ్‌నగర్ వెళ్లి మా చిన్ననాటి పక్కింటి రజియా ఖాలాను చూసివచ్చాను. ఆమెకు తొంభై దాటాయి. చూపు బాగానే ఉంది, చెవులే మొరాయించాయి. పెద్దకొడుకు ఇంట్లో ముందుగదిలో, కిటికీ పక్కన ఆమె మంచం. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి "సరోజను ఖాలా, మిల్లు రాజయ్య బిడ్డను" అని గట్టిగా అంటే, "ఒర్రకు, కనవడుతున్నవ్ గద" అంది. తరువాత నా కుడిచేయి తీసుకుని, మధ్యవేలి మీద కలం ఆనే చోటును తన బొటనవేలితో తడిమింది. అక్కడ ఒకప్పుడు కాయ కాసి ఉండేది. "మెత్తవడ్డది. రాస్తలేవా?" అని అడిగింది. బడి నుంచి రిటైరయ్యానని, ఇప్పుడు రాయవలసిన పని పడటం లేదని చెప్పాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది. తిరుగు రైల్లో మంచిర్యాల దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను గానీ, కళ్ల ముందు కదిలింది మాత్రం నాకు పన్నెండేళ్లు నిండీ నిండని ఒక ఎండాకాలం.

మా బాపు కాగితం మిల్లులో కోత విభాగంలో పనిచేసేవాడు. మా ఇంట్లో కూరగాయలకు కరువొచ్చిన రోజులున్నాయి గానీ కాగితానికి ఎన్నడూ రాలేదు. పెద్ద పెద్ద చుట్టల అంచులు కోయగా మిగిలిన పట్టీలను పనివాళ్లు ఇంటికి తెచ్చుకోవచ్చు. జానెడు వెడల్పు, బారెడు పొడవు ఉండే ఆ పట్టీలు మా ఇంట్లో అన్నిటికీ పనికొచ్చేవి. అవ్వ వాటిని గోడకున్న దంతెల మీద పరిచి గిన్నెలు బోర్లించేది, జొన్నరొట్టెలు చుట్టి బాపు సద్దికి కట్టేది, పొయ్యి ముట్టించేది. వానాకాలం గోడలు చెమ్మగిల్లితే వాటినే అంటించేది. మిల్లు సైరన్ మా గడియారం. పొద్దున మొదటి సైరన్‌కు అవ్వ వాకిలి ఊడ్చేది, రెండోదానికి బాపు సైకిలెక్కేవాడు. గాలి మా వైపు తిరిగినప్పుడు ఉడికిన కోడిగుడ్డు, నానిన వెదురు కలిసినట్టు ఒక వాసన వచ్చేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మేము మాత్రం ఆ వాసన రాని రోజున, మిల్లు నడుస్తలేదా ఏందని దిగులుపడేవాళ్లం.

మా ఇంటికి ఆనుకున్న గోడ అవతలే ఖాలా వాళ్ల ఇల్లు. ముందుభాగమంతా బైండింగు షాపు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఆమె భర్తను నేను ఖాలూ అనేదాన్ని. ఆయన, ఇద్దరు కొడుకులు కలిసి కాగితాలు మడవడం, కుట్టడం, అంచులు కోయడం చేసేవారు. లోపలి వసారాలో ఖాలా జిగురు ఉడికించేది. మైదాపిండిలో నీళ్లు కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. ఆ గిన్నె పక్కనే ఇంకో పొయ్యి మీద పప్పు ఉడికేది. రెండు గరిటెలు వేర్వేరు మేకులకు వేలాడేవి. ఎవరైనా పొరపాటున ఒకటి తీసి ఇంకోదాంట్లో పెడితే ఆ రోజు ఇంట్లో గత్తర లేచేది. నాకు ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిస్తే, ఆ జిగురు వాసనకు ముందు ఆ వసారా గుర్తొస్తుంది, తరువాతే పుస్తకం.

ఖాలాకు ప్రత్యేకంగా ఒక పని ఉండేది. అది నంబరు మిషన్. పిడికిట్లో పట్టేంత ఇనుప ముద్ర. దాని కడుపులో ఆరు చిన్న చక్రాలు, ఒక్కో చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. సిరా అద్ది కాగితం మీద నొక్కితే సంఖ్య పడుతుంది, చేయి తీయగానే చివరి చక్రం ఒక్కటి ముందుకు తిరుగుతుంది. మిల్లుకు వెదురు తెచ్చే లారీల గేటు పాసు పుస్తకాలు వీళ్లే కుట్టేవారు. వాటి మీద వరుస నంబర్లు కొట్టడం ఆమె వంతు. మధ్యాహ్నం వంట సర్దుకున్నాక చాప మీద కూర్చుని, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు మోచేత్తో ఎగదోసుకుంటూ, టక్, టక్ అని కొడుతూ పోయేది. కొడుతూ సంఖ్యలతో మాట్లాడేది. "గిది తొమ్మిదితోని పోతది. గిది పదకొండుతోని. అరె, నువ్వు ఏడుకు చుట్టానివి." మొదట్లో నేను ఆమె జపం చేసుకుంటోందనుకున్నాను.

ఆమె వాళ్ల నాన్న కరీంనగర్‌లో ఉర్దూ బడిలో లెక్కలు చెప్పేవాడట. కూతురినీ చిన్న కొడుకునూ ఒకే చాప మీద కూర్చోబెట్టి నేర్పాడట. కూతురే చురుకని అందరితో చెప్పేవాడట. పదహారేళ్లకు పెళ్లయి ఖాలా కాగజ్‌నగర్ వచ్చింది. తమ్ముడు నసీర్ కాలేజీ చదివి, కరీంనగర్‌లోనే గణితం లెక్చరర్ అయ్యాడు. ఈ సంగతి ఆమె బాధగా చెప్పేది కాదు. జిగురులో ఉండ కట్టినప్పుడు ఎలా చెప్పేదో అలాగే చెప్పేది, గరిటె తిప్పుతూ.

వేసవి సెలవులు మొదలైన వారంలో ఒకరోజు గోడ మీంచి నన్ను పిలిచింది. "సరోజా, ఉరుకు! లక్ష అయితుంది!" గోడ దూకి వెళ్లాను. మిషన్ 99,999 దగ్గరికి వచ్చింది. ఖాలూ, కొడుకులు కూడా పని ఆపి చుట్టూ చేరారు. ఆమె బిస్మిల్లా అనుకుని నొక్కి, మెల్లగా చేయెత్తింది. అయిదు తొమ్మిదులూ ఒక్కసారి కదిలి సున్నాలైపోయాయి, ఎన్నేళ్లుగానో ఊరకే ఉన్న ఆరో చక్రం ఒకటికి తిరిగింది. ఖాలూ అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టి, "అయిపాయె, ఇగ పని చూడుండ్రి" అన్నాడు. అందరూ లేచి వెళ్లినా ఖాలా ఆ పాసును పట్టుకుని కూర్చునే ఉంది. "లక్ష దాటినంక మొదటి ముఫ్రద్ ఏదై ఉంటదో" అంది, నాతో కాదు, తనతోనే.

ముఫ్రద్ అంటే ఏమిటని అడిగాను. పన్నెండు నోట్‌బుక్కులు నా ముందు పెట్టి వరుసల్లో సర్దమంది. రెండు వరుసల్లో ఆరేసి పెట్టాను. మూడు వరుసల్లో నాలుగేసి పెట్టాను. ఆమె ఇంకొకటి కలిపి, "ఇప్పుడు పెట్టు" అంది. రెండు వరుసలు చేస్తే ఒకటి మిగిలింది. మూడు చేసినా ఒకటి మిగిలింది. నాలుగు చేసినా అంతే.

"పదమూడు ముఫ్రద్. ఒక్కటే వరుసల కూసుంటది. ఎంత చేసినా విరగదు."

"మా బడిల గిదాన్ని ప్రధాన సంఖ్య అంటరు ఖాలా."

"ఏమన్నా అననీ. విరగదు అనేది ముఖ్యం." కళ్లద్దాలు ఎగదోసుకుని, "లక్ష మీద ఒకటి పదకొండుతోని విరుగుతది, అది నాకెర్కే. లక్షా రెండు సరిసంఖ్య. లక్షా మూడు మీద నాకు అనుమానముంది. అన్ని నోట్‌బుక్కులు ఒక్క వరుసల పెడితే ఈడికెళ్లి సిర్పూర్ టౌన్ దాక పోతయి కావచ్చు. విరగకపోతే ఇగ ఆ ఒక్క వరుసనే" అంది. నాకు ఆ వరుస కనిపించింది. పట్టాల పక్కన, ఎండలో, ఊరు దాటి పోతూ.

అప్పుడే అసలు సంగతి చెప్పింది. పోయిన రంజాన్ పండక్కి నసీర్ మామూ వచ్చినప్పుడు మాటల మధ్య, "ఆపా, నువ్వు బైండింగు చూసుకో, లెక్కలు నాకు వదిలిపెట్టు" అని నవ్వాడట. ఆమె కూడా నవ్వి, "లక్ష దాటినంక మొదటి ముఫ్రద్ నేను చెప్త, పుస్తకం చూడకుండ. నువ్వు వచ్చి సరిచూసుకో" అన్నదట. ఆయన ఈ సెలవుల్లో, మూడో శుక్రవారం వస్తున్నాడు. "చేత్తోని చేయాలె బేటా. నాకు నంబర్లు కొట్టుడుంది, వంట ఉంది. నువ్వు భాగించు, నేను సరిచూస్త. అయితదా?" అని అడిగింది. పెద్దవాళ్లు నన్ను అలా ఒక పనికి అడగడం అదే మొదలు. అయితది అన్నాను.

ముందుగా నా భయం తీర్చింది. లక్ష దాకా అన్ని సంఖ్యలతోనూ భాగించనక్కర్లేదు. పన్నెండు నోట్‌బుక్కులనే మళ్లీ నాలుగు వరుసల్లో మూడేసి పెట్టించి, "ఇది ఇందాకటిదే గద, అటు కూసోని చూస్తున్నవ్ అంతే" అంది. వరుసల సంఖ్యా, వరుసలో ఉన్నవాటి సంఖ్యా సమానమయ్యే దాకా వెళ్తే చాలు, ఆ తరువాత వచ్చేవన్నీ పాతవే తిరగేసినవి. 316ను 316తో గుణిస్తే లక్షకు కాస్త తక్కువ, 317ను 317తో గుణిస్తే లక్షా మూడు దాటిపోతుంది. కాబట్టి 316 దాకా చాలు. అందులోనూ ముఫ్రద్‌లతోనే భాగించాలి. రెండుతో పోనిది నాలుగుతో ఎలా పోతుంది? ఒక పొడుగు పట్టీ మీద సంఖ్యలన్నీ రాసి, రెండు దూకుళ్లు, మూడు దూకుళ్లు, అయిదు దూకుళ్లు అని కొట్టేసుకుంటూ పోయాం. చివరికి మిగిలినవి లెక్కపెడితే అరవై అయిదు. చివరిది 313.

రోజుకు నాలుగైదు చొప్పున చేశాను. పొద్దున అవ్వకు నీళ్లు తోడి ఇచ్చి, గోడ దూకి, వసారాలో కూర్చునేదాన్ని. ఒక్కో భాగహారానికి ఒక్కో పట్టీ. సాయంత్రం ఖాలా చేతికంటిన జిగురు కడుక్కుని వచ్చి, ఒక్కోదాన్ని తిరగ గుణించి సరిచూసేది. ఏడుతో భాగిస్తే ఒకటే మిగిలింది. "జరంతల తప్పిచ్చుకుంది" అంది. ఇరవై మూడుతో భాగిస్తే ఇరవై రెండు మిగిలింది. ఇంకొక్కటి ఉంటే పోయేది. నేను మూడుసార్లు చేసి చూశాను. 97తో భాగిస్తే 93 మిగిలింది, మరి రెండో పట్టీలో 103తో భాగిస్తే మళ్లీ 93! తప్పు చేశాననుకుని ఏడుపొచ్చింది. ఖాలా రెండూ గుణించి, రెండూ సరైనవేనని చెప్పి, నా కంటే ఎక్కువ సంబరపడింది. అవ్వ గోడ అవతల నుంచి, "రజియమ్మా, గది పాసైతే దానికేమన్న ఇస్తరా?" అని అడిగింది. "ఏమియ్యరు సాయమ్మా" అంది ఖాలా. "మరెందుకు?" అంది అవ్వ. ఖాలా చేతిలో పట్టీని వెలుతురుకు పట్టి చూస్తూ, "ఉన్నది గద అది. ఉన్నదాన్ని తెలుసుకోవద్దా?" అంది. అవ్వకు అది అర్థమైందో లేదో గానీ, మర్నాటి నుంచి నాకు నీళ్ల పని తగ్గించింది.

ఇక పదకొండు మిగిలాయి. 257 నుంచి 313 దాకా. మర్నాడే శుక్రవారం, మామూ వచ్చేది. ఆ గురువారమే బాపు చల్లని కబురు తెచ్చాడు. మిషన్ల మరమ్మతుకని మిల్లు ఆపారు, ఆ రోజు మధ్యాహ్నం పనివాళ్ల ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు, కాగితం మిషన్లను దగ్గర్నుంచి చూడొచ్చు. పుట్టినప్పటి నుంచి దాని సైరన్ వింటూ, దాని వాసన పీలుస్తూ, ఒక్కసారి కూడా లోపలికి పోని మిల్లు అది. ఖాలాకు గేటు పాసుల పని తొందర ఉంది, నన్ను చూసే తీరిక లేదు. నేను వసారాలో కూర్చుని పదకొండు పట్టీలూ అరగంటలో రాసేశాను. భాగఫలం దాకా ఉరుకులాటగా చేసి, చివరి తీసివేత దగ్గర శేషం నోటికొచ్చింది రాశాను. సున్నా మాత్రం ఎక్కడా రాయలేదు. యాభై నాలుగింటితో విరగనిది ఈ పదకొండుతో విరుగుతుందా ఏమిటి? పట్టీలు ఆమె చాప పక్కన పెట్టి, "అయిపోయినయి ఖాలా! విరగలే!" అని అరిచి పరుగెత్తాను. ఆమె నంబరు మిషన్ పక్కన పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, అల్లాకు శుక్రియా చెప్పుకోవడం గోడ ఎక్కుతూ చూశాను.

మిల్లు లోపల ఆగి ఉన్న మిషన్ ఒక వీధంత పొడవుంది. బాపు నన్ను ఎత్తుకుని, ఏనుగంత కాగితపు చుట్టను ముట్టుకోనిచ్చాడు. అదంతా నాకు గుర్తుంది. కానీ దాని ముందు నిలబడి కూడా నేను 281 పట్టీ మీద రాసిన శేషం గురించే ఆలోచించడం ఇంకా బాగా గుర్తుంది.

శుక్రవారం పొద్దున ఖాలా నన్ను పిలవలేదు. నేనే వెళ్లాను. ఆమె వసారాలో పదకొండు పట్టీలూ వరుసగా పరుచుకుని కూర్చుంది. గరిటె మైదాలోనే ఉంది, అడుగంటుతున్న వాసన వస్తోంది. 281 పట్టీని నా వైపు జరిపింది.

"భాగఫలం ఎంత రాసినవ్?"

"మూడు వందల యాభై అయిదు."

"శేషం?"

"పదిహేడు."

"281ని 355తోని గుణిస్తే చివర ఏమొస్తది? ఒకటి అయిదులు అయిదు. అయిదుకు ఏది కలిపితే చివర మూడు వస్తది?"

ఎనిమిది కలపాలి. శేషం ఎనిమిదితో ముగియాలి. నేను ఏడు రాశాను. ఇంత చిన్న సంగతి, గుణించకుండానే, చివరి అంకె చూసి పట్టేసింది.

"మిగిలిన పదీ గిట్లనేనా?"

తలూపాను. తిడుతుందనుకున్నాను. కనీసం అవ్వను పిలుస్తుందనుకున్నాను. ఆమె లేచి జిగురు గిన్నె దింపి, మాడిన అడుగును గోకుతూ అటు తిరిగే అంది. "నాకు నిన్న సంతోషమైంది బేటా. రాత్రి గూడ మంచిగ నిద్ర వట్టింది. ఇప్పుడు ఆ సంతోషం నాదో కాదో తెలుస్తలేదు." నాకు ఇంతవరకూ అంతకన్నా పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. ఏడుస్తూ, "విరగదు ఖాలా, ఒట్టు, విరగదు" అన్నాను. "విరగకపోవచ్చు. కాని నువ్వు చూడలే, నేను చూడలే" అంది.

పదకొండు గంటలకు నసీర్ మామూ దిగాడు. పెద్దపల్లిలో రైలెక్కి వచ్చాడు, చేతిలో మామిడిపళ్ల బుట్ట, చంకలో సంచి. సన్నగా, తెల్లచొక్కాలో, నవ్వు మొహం. కూర్చోకముందే, "ఏమైంది ఆపా, దొరికిందా నీ ముఫ్రద్?" అని అడిగాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఖాలా నేను రాసిన పట్టీలు చూపించి అవునంటే ఆయన అవుననేవాడు. జవాబు సరైనదే కాబట్టి ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఆమె, "లక్షా మూడు మీద ఉన్న. యాభై నాలుగు అయినయి. పదకొండు కాలే" అంది.

"పదకొండేనా? ఫికర్ ఎందుకు, పుస్తకం తెచ్చిన" అంటూ ఆయన సంచిలోంచి కాలేజీ లైబ్రరీ పుస్తకం ఒకటి తీశాడు. అందులో ముఫ్రద్‌ల పట్టిక ఉందట. "లక్షా మూడు..." అని పేజీ తిప్పబోయాడు.

"నక్కో! నక్కో బోల్, నసీర్!" ఖాలా గొంతు అంతగా లేవడం నేను ఎన్నడూ వినలేదు. ఖాలూ షాపులోంచి తొంగి చూశాడు. "నీ నోటి నుంచి నాకు వద్దు. నమాజ్‌కు పో. వచ్చేవరకు చెప్త."

మగవాళ్లు ముగ్గురూ, మామూ, జుమ్మా నమాజ్‌కు వెళ్లారు. మేమిద్దరం వసారాలో కూర్చున్నాం. కొత్త పట్టీలు. ఆమె 257 మొదలుపెట్టింది, నేను 263. ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడాలని నియమం. పొయ్యి మీద ఖిచిడీ, పక్కన ఖట్టా చింతపండు పులుపుతో మరుగుతూ ఉంది. 271తో భాగిస్తే నాలుగు మిగిలింది. 277తో భాగిస్తే ఆరు. "దగ్గర దగ్గరికొస్తుంది" అంది ఖాలా, ఆమె పెదవి మీద చెమట పట్టింది. నిన్న విరగదని అంత ధీమాగా రాసినదాన్ని, ఇవాళ ప్రతి తీసివేతనూ రెండేసిసార్లు చేశాను. ఇప్పుడు గనక సున్నా వస్తే? 281 నా వంతుకే వచ్చింది. శేషం 248. ఎనిమిదితో ముగిసింది. తలెత్తి చూస్తే ఖాలా నవ్వుతోంది, పొద్దుటి నుంచి మొదటిసారి.

మగవాళ్లు తిరిగివచ్చేసరికి ఇంకా మూడు మిగిలాయి. ఖాలూ భోజనాలకు సుఫ్రా గుడ్డ పరవబోతే, "జర ఆగుండ్రి" అని ఆపింది. ఆకలితో ఉన్న నలుగురు మగవాళ్లు, ఖిచిడీ వాసనలో, గోడకు చేరగిలబడి, ఒక ఆడమనిషీ ఒక ఆడపిల్లా భాగహారాలు చేస్తుంటే నోరెత్తకుండా చూడటం నా జన్మలో అదొక్కసారే చూశాను. మామూ మొదట గడియారం చూసుకున్నాడు. తరువాత మెల్లగా ముందుకు జరిగి, ఖాలా భుజం మీంచి పట్టీలోకి చూడసాగాడు. 311 ఆమె చేసింది, 172 మిగిలింది. చివరిదైన 313ను నా చేతికిచ్చింది. మూడు సార్లు తొమ్మిది వందల ముప్పై తొమ్మిది. తీసివేస్తే అరవై ఒకటి. సున్నా దించాను. ఒకసారి పోయింది. మూడు దించాను. తొమ్మిది సార్లు. 2817 తీసివేయాలి. 156 మిగిలింది. ఖాలా గుణించి చూసింది, రెండోసారీ చూసింది. కళ్లద్దాలు తీసి, తమ్ముడి వైపు తిరిగింది.

"లక్షా మూడు ముఫ్రద్. ఇప్పుడు తెరువు నీ కితాబ్."

ఆయన తెరవలేదు. పుస్తకాన్ని సంచిలో పెట్టేసి, "అవసరం లేదు ఆపా" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. "అబ్బా చాప మీద నువ్వే ముందుండేది. నాకు యాదికుంది. నేనే మరిచిపోయినట్టు చేసిన." ఖాలా ఖిచిడీ వడ్డించడానికి లేచింది. నేను ఆగలేకపోయాను. "మామూ, నిన్న చివరి పదకొండు నేను దొంగలెక్క రాసిన. ఖాలా పట్టుకున్నది" అనేశాను. ఆయన అక్క వైపు చూశాడు. ఆమె గరిటె ఆపకుండానే, "నిన్నటి సంగతి నిన్ననే పాయె. గివి ఇద్దరం చేసినం. నీ ఎదురుంగనే చేసినం" అంది. ఆ రోజు తిన్న ఖిచిడీ అడుగున కాస్త మాడింది. ఎవరూ ఒక్క మెతుకు మిగల్చలేదు.

వారం తరువాత అరవై అయిదు పట్టీలనూ మడిచి, కుట్టి, ఎర్రబట్ట అట్ట వేసి పుస్తకం చేసింది ఖాలా. చివర నా దొంగ పట్టీలు పదకొండూ కలిపి కుట్టింది, మధ్యలో ఒక నీలం కాగితం పెట్టి. వాటిని చింపేయమని బతిమాలాను. ఒప్పుకోలేదు. ఎందుకో మరుసటి ఎండాకాలం తెలిసింది. తరువాతి ముఫ్రద్ ఏదో చూద్దామని కూర్చున్నప్పుడు, మళ్లీ భాగించనక్కర్లేదని ఆమె చూపించింది. పాత శేషాలే చెబుతాయి. 97కు 93 మిగిలింది కదా, ఇంకో నాలుగు కలిపితే నిండుతుంది, అంటే లక్షా ఏడు విరుగుతుంది. 103కు కూడా 93 కదా, పది కలిపితే నిండుతుంది, అంటే లక్షా పదమూడు విరుగుతుంది. అలా ఒక్కొక్కటీ పోగా లక్షా పంతొమ్మిది నిలబడింది. ఊరికే, కుతూహలం కొద్దీ, నీలం కాగితం దాటి నా దొంగ పట్టీలు చూశాను. 313 దగ్గర నేను రాసిన శేషం 297. దానికి పదహారు కలిపితే సరిగ్గా 313. ఆ అబద్ధాన్ని నమ్ముకుని ఉంటే, ఏ పాపమూ ఎరుగని లక్షా పంతొమ్మిది విరిగిపోయేది. ఒక లెక్కకు అడ్డం రాని అబద్ధం వెళ్లి ఇంకో లెక్క మీద పడేది. నా ముఖం చూసి ఖాలా నీలం కాగితాన్ని మళ్లీ మూసింది. ఆమె అప్పటికే చూసి ఉంటుంది.

నసీర్ మామూ ఆ తరువాత ప్రతి సెలవులకూ అక్కకు ఒక లెక్కల పుస్తకం తెచ్చేవాడు, నాకొకటి తెచ్చేవాడు. ఇంటర్ తరువాత ఏం చదవాలో బాపుకు తోచకపోతే, టీచర్ ట్రైనింగు దరఖాస్తు నింపింది ఆయనే. మొదట ఉట్నూర్ దగ్గర అడవి ఊళ్లలో చెప్పాను. జీపు దిగి మూడు మైళ్లు నడిచి వెళ్లే బడి. పెళ్లయ్యాక మా ఆయన బొగ్గుబావి ఉద్యోగం వల్ల శ్రీరాంపూర్ వచ్చి, అక్కడే రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లల నోట్సులు దిద్దాను. జవాబు సరిగ్గా ఉండి, చేసిన తీరు అనుమానంగా ఉన్న లెక్క కనిపించినప్పుడల్లా ఆ పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేయించాను. ఏనాడూ తిట్టలేదు. తిట్టే అర్హత నాకు లేదు.

అప్పటికీ ఇప్పటికీ పోల్చుకుంటే నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. గోడల మీద కాగితాలు అంటించుకునే రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. మిల్లు మధ్యలో కొన్నేళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంది, మొన్న ఖాలా కిటికీలోంచి ఆ వాసన వస్తే ప్రాణం లేచివచ్చింది. బైండింగు షాపులో ఇప్పుడు ఫ్లెక్సీలు కొడుతున్నారు, మనవలు బాగానే ఉన్నారు. ఇప్పటి ఫోనుకు లక్షా మూడు ఇస్తే రెప్పపాటులో ప్రధాన సంఖ్య అని చెబుతుంది, ఇరవై అంకెల సంఖ్యనిచ్చినా అంతే తేలికగా చెబుతుంది. మంచిదే. మేము మూడు వారాలు పడిన పాట్లు ఎవరూ పడనక్కర్లేదు.

కానీ రైల్లో కూర్చుని లెక్కవేసుకుంటే ఒక సంగతి తట్టింది. నాకు తెలుసు అనుకునేవాటిలో దాదాపు అన్నీ ఎవరో చెబితే తెలిసినవే. భూమి తిరుగుతుందని పుస్తకం చెప్పింది. నా పుట్టినరోజు కూడా నన్ను బడిలో చేర్చుకున్న పంతులు అంచనాగా వేసినదే, అవ్వకు గుర్తున్నది ఆ రోజు వాన పడిందని మాత్రమే. వాటిని నమ్ముతాను, నమ్మి హాయిగా బతికాను. లక్షా మూడు సంగతి వేరు. అది విరగదని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పబోయిన మనిషిని కూడా ఒకావిడ చెప్పనివ్వలేదు. అరవై అయిదు సార్లు విరిచి చూశాం, చేత్తో, ఒకరి వెనక ఒకరం. అరవై అయిదు సార్లూ ఏదో ఒకటి మిగిలింది.